నీటి లెక్కలో కరెంటు, కరెంటు లెక్కలో టమోటా

బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ కుళాయిలోంచి పడే కావేరి నీటి వెనక బోలెడంత కరెంటు ఉంటుంది. మండ్య జిల్లా తొరెకాడనహళ్లి దగ్గర నదినీటిని శుద్ధి చేసి అక్కడ ఒకసారి, హారోహళ్లిలో ఒకసారి, తాతగుణిలో ఇంకోసారి పంపులతో తోస్తారు. సుమారు 100 కిలోమీటర్ల దూరం, 500 మీటర్ల ఎత్తు దాటితే గానీ నీళ్లు ఊళ్లోకి రావు. వెయ్యి లీటర్లను 500 మీటర్లు పైకెత్తాలంటే లెక్క ప్రకారమే కనీసం 1.36 యూనిట్లు కావాలి. పంపుల్లో, మోటార్లలో పోయేది, పైపుల్లో రాపిడికి పోయేది కలుపుకుంటే అది రెండు యూనిట్ల దాకా వస్తుంది. కావేరి తాగునీటి పథకం పాత నాలుగు దశల్లో ఇలా వచ్చే నీరు రోజుకు 145 కోట్ల లీటర్లు. ఆ లెక్కన రోజుకు పాతిక లక్షల యూనిట్ల పైమాటే. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఐదో దశ దీనికి మరో 77.5 కోట్ల లీటర్లు జతచేసింది. నీటి బోర్డు ఖర్చుల్లో పెద్ద వాటా కరెంటు బిల్లుదే కావడంలో వింతేమీ లేదు.

నీళ్లు ఇంట్లో వాడాక కథ అయిపోదు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగై బయటికి వస్తుందన్నది ఇంజినీర్లు డిజైన్లలో వేసుకునే లెక్క. దాన్ని శుద్ధి చేయడానికి మళ్లీ కరెంటు కావాలి. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందించేందుకు రాత్రింబగళ్లు గాలి ఊదుతూ ఉండాలి. ప్లాంటు వాడే కరెంటులో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, ఆ బ్లోయర్లు తినేస్తాయి. అలా శుద్ధైన నీరు ఏ పొలానికి వెళ్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. నీళ్లు ఒక శాఖ చూస్తుంది, కరెంటు ఇంకో శాఖ, పంట మరో శాఖ. ఎవరి ఫైలు వారిదే.

పర్యావరణ ఇంజినీరింగ్ విభాగాల్లో ఈ మూడింటినీ కలిపి లెక్కగట్టే పరిశోధన గత పదిహేనేళ్లలో బాగా పెరిగింది. 2011లో జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన సదస్సు తర్వాత దానికి ‘నెక్సస్’ (ముడి) అన్న పేరు స్థిరపడిపోయింది. పేరు గొప్పగా ఉన్నా పని మొరటుదే. లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది, మధ్యలో ఏది ఎక్కడ చిక్కుకుంది అని తూకం వేయడమే. అయితే ఆ తూకానికి ముందు ఒక గీత గీయాలి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్క వేస్తున్నామో చెప్పాలి. ఆ గీత జరిగితే ఫలితం జరుగుతుంది. ఒకే పథకం ఒక గీతలో లాభం, ఇంకో గీతలో నష్టం. దీన్ని చూడటానికి బెంగళూరు, కోలారుల మధ్య దారి కన్నా మంచి చోటు దొరకదు.

కోలారుకూ కావేరికీ పాత చుట్టరికం ఉంది. శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902లో మొదలైనప్పుడు అందులో పుట్టిన కరెంటు ముందు వెళ్లింది బెంగళూరుకు కాదు, దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు. బెంగళూరు వీధిదీపాలకు 1905 దాకా ఆ భాగ్యం లేదు. చిత్తూరు వైపు నుంచీ తమిళ జిల్లాల నుంచీ వచ్చిన కూలీలు పనిచేసిన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. పదిహేడేళ్ల తర్వాత, 2018లో కావేరి మళ్లీ కోలారు బాట పట్టింది. ఈసారి వచ్చింది బెంగళూరు వాడేసి శుద్ధి చేసి పంపిన నీళ్లు.

దాని పేరు కోరమంగల–చల్లఘట్ట వ్యాలీ పథకం, జనం నోట కె.సి.వ్యాలీ. రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధి నీటిని పంపులతో కోలారు జిల్లాకు తోసి, అక్కడి నుంచి చెరువు నిండితే కింది చెరువుకు పారేలా 126 చెరువులు నింపాలన్నది లక్ష్యం. హెబ్బాళ–నాగవార వ్యాలీ నుంచి చిక్కబళ్లాపురం వైపు 21 కోట్ల లీటర్లు పంపే పథకం దీనికి తమ్ముడి లాంటిది. కోలారుకు నిత్యం పారే నది లేదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, పహాణీలో ఉండేది కన్నడం, రెండింట్లోనూ ఎక్కువగా వినిపించే మాట మాత్రం బోరు. అలాంటి చోట ఎండిన చెరువు నిండి మొరవ పోవడం ఒక తరం చూసి ఎరగని దృశ్యం.

మొదలు పెట్టిన కొద్ది వారాలకే, 2018 జూలైలో, కోలారు చేరిన నీటి మీద తెల్లటి నురగ లేచింది. బెంగళూరులోని బెళ్లందూరు చెరువు నురగ గురించి అప్పటికే దేశమంతా తెలుసు కాబట్టి జనం బెదిరిపోయారు. శాశ్వత నీరావరి హోరాట సమితి (శాశ్వత సాగునీటి పోరాట సమితి) తరఫున వ్యవహారం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. నీళ్లు కొన్నాళ్లు ఆగి, మళ్లీ వదిలారు. సమితి అడిగింది అన్యాయమైన ప్రశ్న కాదు. పంపుతున్నది రెండో దశ దాకా మాత్రమే శుద్ధి చేసిన నీరు. రెండో దశలో సేంద్రియ మలినం చాలామట్టుకు పోతుంది. నత్రజని, భాస్వరం మాత్రం చాలావరకు మిగులుతాయి. వాటినీ తీసేసే మూడో దశ పెట్టమంటే ఖర్చు, దాంతోపాటు కరెంటు వాడకం పెరుగుతాయి. నీటి నాణ్యత కోసం పట్టుబట్టడమంటే ఎక్కడో ఒక విద్యుత్ కేంద్రంలో మరికొంత బొగ్గు కాల్చమనడమే అన్న సంగతి కోర్టు వాదనల్లో పెద్దగా వినపడలేదు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, ముఖ్యంగా సస్టెయినబుల్ టెక్నాలజీస్ కేంద్రం వాళ్లు, ఈ చెరువులనూ చుట్టుపక్కల బోర్లనూ కొన్నేళ్లు కనిపెట్టి చూశారు. చెరువులు నిండిన చోట భూగర్భ జలమట్టం పెరిగిందని 2023లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. కోలారు కింద ఉన్నది గట్టి రాయి. పైన కొంత మందాన చివికిన పొర, దాని కింద రాతి పగుళ్లు, నీళ్లుండేది ఆ రెండింట్లోనే. చెరువు అడుగు నుంచి నీరు మెల్లగా దిగేటప్పుడు మట్టి దాన్ని కొంతవరకు వడపోస్తుంది. మట్టినీ భూగర్భాన్నీ శుద్ధిలో ఆఖరి మెట్టుగా వాడుకోవడం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న పద్ధతే. ఎంతవరకు వడపోస్తుంది, ఏళ్ల తరబడి అదే పని చేయగలదా అన్నది ఆ మట్టిని బట్టి, రాతి పగుళ్లను బట్టి మారుతుంది. ఒక చెరువు దగ్గర తేలిన ఫలితాన్ని జిల్లా మొత్తానికి అంటగట్టడం తొందరపాటవుతుంది.

ఇంకో చిక్కు వానలతో వచ్చింది. 2021 నవంబరులో ఈ ప్రాంతంలో కుండపోత కురిసింది. పథకం నీరు అందని చెరువులు కూడా నిండాయి. కాబట్టి మట్టం పెరిగిందా లేదా అని చూస్తే చాలదు, వాన పెంచింది ఎంత, బెంగళూరు నీరు పెంచింది ఎంత అని విడదీయాలి. పథకం పరిధిలోని బోర్లను, పరిధి బయట అలాంటి నేలలోనే ఉన్న బోర్లతో పోల్చి చూడటం ఇందుకే. ఊళ్లో రైతుకు ఈ తేడాతో పనిలేదు, మోటారు నీళ్లు పోస్తే చాలు. వందల కోట్లు పెట్టి ఇలాంటి పథకాన్ని ఇంకో జిల్లాకు తీసుకెళ్లాలనుకునే వాళ్లకు మాత్రం ఆ తేడాతో పని ఉండాలి.

ఇక్కడి దాకా గీసిన గీతలో పథకం లాభమే. ఇప్పుడు గీతను కొంచెం జరిపి, రైతు బోరు దగ్గరికి తీసుకెళ్దాం.

కోలారులో వెయ్యి, పన్నెండు వందల అడుగులు వేసినా చుక్క పడని బోర్లు మామూలు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లు, రిగ్గు వాళ్లు, కేసింగ్ పైపుల కొట్లు, కాలిన మోటార్లు వైండింగ్ చేసే షాపులు, అదొక ప్రత్యేక ఆర్థిక వ్యవస్థ. 1,200 అడుగులంటే 366 మీటర్లు. అంత లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి లాగడానికి సిద్ధాంతం ప్రకారం ఒక యూనిట్ కావాలి. పొలాల్లో నడిచే సబ్‌మెర్సిబుల్ మోటార్ల సామర్థ్యం 40 నుంచి 50 శాతం అనుకుంటే అది రెండు నుంచి రెండున్నర యూనిట్లు. అంటే కావేరిని 100 కిలోమీటర్లు తోసి బెంగళూరు ఎక్కించడానికి ఎంత కరెంటు అవుతుందో, కోలారు రైతు కాళ్ల కిందున్న నీటిని పైకి తేవడానికీ ఇంచుమించు అంతే, కొన్నిచోట్ల ఎక్కువ కూడా. మొదటిది పెద్ద పథకం కాబట్టి దాని మీద చర్చలుంటాయి. రెండోది లక్షల మోటార్లలో చెదిరిపోయి ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

చెరువు నిండి మట్టం 400 అడుగులకు వస్తే ఈ ఖర్చు మూడో వంతుకు పడిపోవాలి. వెయ్యి లీటర్లకు ముప్పావు యూనిట్ చాలు. కె.సి.వ్యాలీ పంపులకయ్యే కరెంటుకు ఎదురుగా ఈ ఆదాను పెట్టి చూపిస్తే పథకం ఇంకా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కాగితం మీద అంతే.

వాస్తవంలో ఆదా రైతు జేబులోకి రాదు, ఎందుకంటే పోయింది ఆయన జేబులోంచి కాదు. కర్ణాటకలో 10 హార్స్‌పవర్ లోపు వ్యవసాయ పంపుసెట్లకు 2008 నుంచి కరెంటు ఉచితం. బిల్లు ప్రభుత్వం విద్యుత్ సంస్థలకు కట్టే సబ్సిడీలో ఉంటుంది. కాబట్టి రైతు ఎంత తోడాలన్నది నిర్ణయించేది ధర కాదు, త్రీఫేజ్ ఇచ్చే గంటలు. నీళ్లు పైకొస్తే అదే మోటారు అన్ని గంటలూ నడుస్తుంది, ఎక్కువ నీళ్లు పోస్తుంది. అప్పుడు అర ఎకరా టమోటా ఎకరా అవుతుంది, రెండు పాడి ఆవులున్న చోట నేపియర్ గడ్డి వేసి నాలుగు పెడతారు. కోలారు భూగర్భ జలాలను కేంద్ర భూగర్భ జల మండలి అతిగా తోడేసిన కోవలో పెట్టి చాలా కాలమైంది. పైనుంచి పోసేది పెరిగి, కిందినుంచి తోడేదీ అంతే పెరిగితే, ఆదా అయిందనుకున్న కరెంటు అదనపు పంటగా మారుతుంది. రైతు వైపు నుంచి చూస్తే ఇది తప్పేం కాదు, బతుకు బాగుపడటమే. విద్యుత్ సంస్థ వైపు నుంచి చూస్తే ఆదా శూన్యం. భూగర్భం వైపు నుంచి చూస్తే, బెంగళూరు పంపులు ఒక్క ఏడాది ఆగిపోతే, మళ్లీ పాత లోతులే.

లోతు పెరిగేకొద్దీ ఇంకో నష్టం. కోలారు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. తూర్పు కర్ణాటక గ్రామాల్లో యురేనియం కూడా హద్దు మించి ఉందని విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం చూపించింది. లోతైన రాతిలో ఏళ్ల తరబడి నిలవున్న నీటిలో ఇవి కరిగి ఉంటాయి. ఆ నీటిని తాగేలా చేయడానికి పల్లెల్లో ఆర్ఓ కేంద్రాలు పెట్టారు. వాటికి మళ్లీ కరెంటు.

ఇప్పుడు టమోటా సంగతి. కోలారు మార్కెట్ యార్డు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. లెక్కంతా 15 కిలోల బాక్సుల్లో నడుస్తుంది. కిలో టమోటాకు అయ్యే నీరు ప్రపంచ సగటున 214 లీటర్లు. అందులో వాన నీరు పోను, మలినాన్ని పలచన చేయడానికని లెక్కేసే వాటా పోను, పారించాల్సిన నీరు 63 లీటర్లు. డ్రిప్పు, మల్చింగ్ షీటు వేసిన కోలారు తోటలో ఇది మారుతుంది, అయినా అంచనాకు పనికొస్తుంది. బాక్సుకు సుమారు 950 లీటర్లు, వెయ్యి అనుకుందాం. లోతైన బోరు కింద పండిందైతే బాక్సుకు రెండు యూనిట్ల పైన కరెంటు. 2023 జూలైలో కోలారులో బాక్సు ధర రెండు వేలు దాటింది. ధర పడిపోయిన కాలంలో అవే బాక్సులను రోడ్డు పక్కన గుమ్మరించి వెళ్లిపోతారు. పారబోసిన ప్రతి బాక్సుతోనూ వెయ్యి లీటర్ల భూగర్భ జలం, రెండు యూనిట్ల సబ్సిడీ కరెంటు పోతున్నాయి. కోల్డ్ స్టోరేజీ, పేస్టు ఫ్యాక్టరీ, ధరల ముందస్తు సమాచారం ఇవన్నీ మార్కెటింగ్ వాళ్ల వ్యవహారమని వదిలేస్తాం గానీ, నీటి పొదుపు పథకాల జాబితాలో వాటిని చేర్చినా తప్పు లేదు. డ్రిప్పు ఆదా చేసే దానికన్నా ధర కూలకుండా ఆపడం ఎక్కువ నీటిని ఆదా చేసే సీజన్లు ఉంటాయి.

మురుగులో మిగిలిపోయే నత్రజని గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా దాన్ని కాలుష్యంగానే చెప్తారు. తూకం వేసి చూస్తే ఇంకో ముఖం కనపడుతుంది. శుద్ధి నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని మిగిలిందనుకుందాం. 44 కోట్ల లీటర్లలో అది రోజుకు 8.8 టన్నులు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఇది 19 టన్నుల యూరియాకు సమానం, 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే రోజుకు 420కి పైగా. యూరియా తయారయ్యేది సహజవాయువు నుంచి, అంటే అదీ శక్తి లెక్కే. ఈ నత్రజని నేరుగా పైరుకు అందితే ఎరువు. చెరువులో నిలిస్తే నాచు, గుర్రపుడెక్క పెంచి చేపల ఊపిరి తీస్తుంది. భూమిలోకి దిగితే తాగే బోర్లలో నైట్రేట్. మూడో దశ శుద్ధి పెట్టి దాన్ని గాలిలోకి వదిలేయడానికి కరెంటు ఖర్చు పెట్టడం, ఆ పక్కనే పొలానికి యూరియా కొనడం, రెండూ ఒకే తాలూకాలో జరుగుతాయి.

బెంగళూరు జి.కె.వి.కె. ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ ముడి విప్పడానికి సూటిగా ప్రయత్నించింది. మనుషుల మూత్రాన్ని వేరుగా సేకరించి అరటి, మొక్కజొన్న లాంటి పంటలకు ఎరువుగా వాడి ఫలితాలు ప్రచురించింది. నగర అంచుల్లో అయితే పరిశోధనా పత్రం అక్కర్లేకుండానే ఇది నడుస్తోంది. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీల వాళ్లు, భూగర్భ డ్రైనేజీ లేని లేఅవుట్ల నుంచి తోడిన దాన్ని కొబ్బరి, అరటి తోటల్లో వదులుతారు. ఆరోగ్యం దృష్ట్యా అది ప్రమాదమే. అందుకే 2015లో దేవనహళ్లిలో దేశంలోనే మొదటి మలవ్యర్థ శుద్ధి కేంద్రం వచ్చింది. ఆరబెట్టి, కంపోస్టుతో కలిపి, రోగకారకాలు చచ్చాక పొలానికి ఇవ్వడం దాని పద్ధతి.

‘నెక్సస్’ అన్న పేరు పుట్టకముందే ఈ మూడు లెక్కల్నీ ఒకచోట నడిపించిన ఊరు ఒకటుంది. విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రోకెమిస్ట్రీ చేసే అమూల్య రెడ్డి 1974లో ‘అస్త్ర’ అనే గ్రామీణ సాంకేతిక విభాగాన్ని మొదలుపెట్టారు. నేటి సస్టెయినబుల్ టెక్నాలజీస్ కేంద్రానికి మూలం అదే. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర అనే చిన్న ఊళ్లో వాళ్లు గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. ముందు అనుకున్నది వంట గ్యాసు. ఊరి పశువుల పేడంతా పోసినా అందరి వంటకూ గ్యాసు చాలలేదు, ఆ ప్రయత్నం దెబ్బతింది. ఊరివాళ్లతో మాట్లాడితే వాళ్లకు ముందు కావలసింది నీళ్లని తేలింది. 1987 నుంచి అదే గ్యాసును డీజిల్ ఇంజనుకు పెట్టి కరెంటు తీశారు, ఆ కరెంటుతో బోరు నీళ్లు కుళాయిలకు ఎక్కించారు, ఇళ్లకు బల్బులు ఇచ్చారు. పేడ ఇచ్చినవాళ్లకు తూకం వేసి డబ్బు, ప్లాంటులోంచి వచ్చిన ముద్ద తిరిగి వాళ్ల పొలానికే. ఎరువు విలువ పోలేదు, మధ్యలో నీళ్లూ వెలుగూ వచ్చాయి. దాదాపు పదేళ్లు నడిచి ఆగింది. ఆ పదేళ్లూ నిలబడటానికి ఇంజను డిజైన్ కన్నా, ఎవరు పేడ తెస్తారు, ఎవరు లెక్క రాస్తారు, కుళాయి బిల్లు ఎవరు కడతారు అన్న ఏర్పాటే ముఖ్యమైందని అనిపిస్తుంది. ఇప్పటి నెక్సస్ మోడళ్లలో సమీకరణాలు చాలా బాగుంటాయి, ఈ లెక్క రాసే మనిషి మాత్రం కనపడడు.

గీతను ఇంకా కిందికి జరిపితే హొసూరు వస్తుంది. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నీరు సహజంగా పారేది దక్షిణ పినాకినిలోకి. అక్కడి నుంచి తమిళనాడులో హొసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి. ఆ ఆయకట్టు కిందా తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నురగతో, కంపుతో వచ్చినా వాళ్లకు అది ఏడాది పొడవునా వచ్చే పారుదల. కె.సి.వ్యాలీ లాంటి పథకాలు ‘వృథాగా పోతున్న మురుగునీరు’గా చూసేది ఆ నీటినే. కోలారుకు మళ్లించిన ప్రతి లీటరూ అక్కడ తగ్గినట్టే. ఇటు కోలారు చెరువులు పొంగితే పాలారు ద్వారా కుప్పం వైపు ఆంధ్రాకు నీరు దిగుతుంది. ఒకరికి తగ్గినది ఇంకొకరికి చేరుతుంది, రాష్ట్రం పేరు మారుతుంది, అంతే. ‘వృథా’ అన్న మాట వాడిన పథకం కాగితం ఏదైనా కింద ఊరు ఏదని అడగాల్సిందే.

చెన్నై ఇదే వనరుతో వేరే దారి పట్టింది. 2019లో కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో చెరో 4.5 కోట్ల లీటర్ల ప్లాంట్లు పెట్టి, మురుగునీటిని ఆర్ఓ దాకా శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్ముతోంది. సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్లు పడుతుంది. మురుగులో ఉప్పు తక్కువ కాబట్టి దానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. ఫ్యాక్టరీ డబ్బు కడుతుంది, తాగునీరు ఊరికి మిగులుతుంది. పంటకు మాత్రం ఏమీ రాదు, నత్రజని ఆర్ఓ బయటికి వదిలేసే ఉప్పునీటిలో కలిసిపోతుంది. బెంగళూరు పొలాన్ని ఎంచుకుంది, చెన్నై ఫ్యాక్టరీని. డబ్బు లెక్కలో చెన్నై, తిండి లెక్కలో బెంగళూరు ముందుంటాయి.

ఐదో దశ కావేరితో బెంగళూరులో మురుగు ఇంకా పెరుగుతుంది. దాన్ని పంపేందుకు ఇప్పుడు చూస్తున్నది వృషభావతి వ్యాలీ, నెలమంగల వైపు చెరువులు. కోలారులో పనిచేసింది కదా అన్నది వాదన. కె.సి.వ్యాలీలో ఎక్కువగా పారేది ఇళ్ల మురుగు. వృషభావతి మాత్రం పీణ్య పారిశ్రామికవాడ నీటినీ మోసుకొస్తుంది, ఆ నది కింది సాగు భూముల్లోనూ కూరల్లోనూ భారలోహాల గురించి బెంగళూరు పరిశోధకులు ఏళ్లుగా రాస్తున్నారు. నత్రజనిని పైరు తింటుంది, సేంద్రియ మలినాన్ని సూక్ష్మజీవులు తింటాయి. క్రోమియంను, సీసాన్ని ఎవరూ తినరు, అవి చెరువు బురదలో కూడబడతాయి. పీణ్యలో లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్ల నీటిని ఇళ్ల మురుగులో కలవకముందే విడదీయడం ఎంత ఖర్చో, కలిశాక నెలమంగల చెరువు బురదను తవ్వి ఎత్తడం ఎంత ఖర్చో, పైపులు వేయకముందే పక్కపక్కన రాసి చూపించగలిగేది విశ్వవిద్యాలయాలే. పైపులు పడ్డాక ఆ రెండో ఖర్చు ఒక్కటే మిగులుతుంది.